మూడు కాళ్ల గేదె

ప్రసాదంలో సైనైడ్ కలిపి పది మందిని చంపాడంటూ 2019 నవంబరులో ఏలూరు పోలీసులు ఒకణ్ని పట్టుకున్నప్పుడు, మా గోదావరి వైపు టీకొట్ల దగ్గర ఒకటే మాట: "వాడు మనిషి కాదండీ, సైకో!" బియ్యపు గింజల్ని లాగే మహిమ ఉందని నమ్మించే రైస్ పుల్లింగ్ నాణెం, గుప్తనిధులంటూ ఆశపెట్టి ఒంటరిగా రప్పించడం, చావు గుండెపోటులా కనబడేలా చూసుకోవడం, ఇదీ పోలీసులు చెప్పిన కథ. అదే నిజమైతే అందులో ఉన్నది పిచ్చి కాదు, పక్కా లెక్క. సైకో అన్నది తిట్టే గానీ రోగం పేరు కాదు.

అలాగని లెక్క ఉన్నచోట రోగం ఉండదా? 1968లో ముంబయిలో దొరికిన వరస హంతకుడు రామన్ రాఘవ్‌ను మొదట గమనించిన వైద్యుడు జబ్బేమీ లేదన్నాడు. తర్వాత హైకోర్టు వేయించిన మానసిక వైద్యుల బృందం స్కిజోఫ్రెనియా అనే తీవ్రమైన మానసిక జబ్బని తేల్చింది. 1987లో ఉరి యావజ్జీవంగా మారింది.

నటించేవాడితో చిక్కు వేరు. పిచ్చంటే జనం ఏమనుకుంటారో వాడు అదే చేసి చూపిస్తాడు. గేదెకు కాళ్లెన్ని అంటే మూడంటాడు. ప్రశ్న అర్థమైంది కాబట్టే జవాబు అంత దగ్గరగా తప్పింది! ఇలాంటి జవాబుల గురించి జర్మన్ వైద్యుడు గాంజర్ 19వ శతాబ్దం చివర్లోనే రాశాడు. అవన్నీ నటనేనని మాత్రం ఇప్పటికీ తేలలేదు. 1979లో అమెరికాలో హత్య కేసుల్లో దొరికిన కెన్నెత్ బియాంకీ తనలో 'స్టీవ్' అనే ఇంకొకడున్నాడన్నాడు. ఒకే మనిషిలో పలువురుండే ఈ జబ్బు నిజంగా ఉన్నవాళ్లలో ఇద్దరితో ఆగదని డాక్టర్ మార్టిన్ ఓర్న్ మాటల్లో పెట్టి వదిలాడు. కాసేపట్లోనే మూడోవాడు 'బిల్లీ' దిగాడు.

అందుకే గంట ఇంటర్వ్యూ కన్నా వార్డులో రోజుల తరబడి గమనించడం మీదే నాకు నమ్మకం. పగలు డాక్టరు ముందు గోడతో మాట్లాడినవాడు రాత్రి అటెండరుని అగ్గిపెట్టె ఎలా అడిగాడన్నది కూడా రాసుకోవాలి.

అయితే చట్టానికి కావలసింది వార్డులోని మనసు కాదు, నేరం చేసిన వేళ మనసు. మతి చెదిరి, చేసేదేమిటో, అది తప్పో కాదో తెలియని స్థితిలో చేసింది నేరం కాదనే పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 84వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) 22వ సెక్షన్ అడిగేది అదే. 1964లో దహ్యాభాయ్ కేసులో సుప్రీంకోర్టు ముందూ వెనకా ప్రవర్తన కూడా చూడమంది. రుజువు చేసుకోవలసింది నిందితుడే. దానికి పాత వైద్యం చీటీలు కావాలి. మన లంక ఊళ్లలో మతి చెదిరితే ముందు తాయెత్తు కట్టిస్తారు. తాయెత్తు కట్టినాయన చీటీ రాయడు.