అంతస్తుల చెట్టు

పటమటలో మా ఇంటి ముందు ముప్ఫై ఏళ్ల మామిడిచెట్టు ఉండేది. దాని నేరాల చిట్టా పెద్దది. ఏటా విరగ కాసేది. ఆవకాయ రోజులు రాగానే ఎక్కడెక్కడి బంధువులో ఫోన్లు చేసి మా యోగక్షేమాలు అడిగేవారు. పిల్లలు రాళ్లు విసిరేవారు. ఉగాదికి వీధంతా మండల కోసం మా గేటు దగ్గరే. ఇంతమందికి పనికొచ్చే చెట్టుకు పరువేముంటుంది? కొట్టించేశాం.

ఆ చోట కడియం నుంచి తెచ్చిన క్రిస్మస్ ట్రీ పెట్టాం. అసలు పేరు అరకేరియా. ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. తినే కాయ లేదు, కోసుకునే పువ్వు లేదు. కొమ్మలు చుట్టూ వరసకట్టి అంతస్తులు అంతస్తులుగా పైకి పోతుంది. మా ఇంటికి ఉన్నది ఒక్క అంతస్తే, చెట్టుకు అప్పుడే ఐదు.

దీని వంశం కూడా గొప్పదే. పసిఫిక్ సముద్రంలోని నార్‌ఫోక్ దీవి దీని పుట్టిల్లు. 1774లో కెప్టెన్ కుక్ అక్కడ దిగి, ఈ నిటారు మానులు తెరచాప స్తంభాలకు భేషుగ్గా పనికొస్తాయని మురిసిపోయాడు. తర్వాత వెళ్లిన ఇంగ్లీషువాళ్లు కొట్టి చూస్తే ఆ కలపకు అంత సత్తువ లేదని తేలింది. అంటే దీని పనికిరానితనానికి రెండు శతాబ్దాల చరిత్ర ఉందన్నమాట. మా మామిడికేదీ?

చిన్న చిక్కల్లా ఎండ. ఆ దీవిలో నడి ఎండాకాలం మన సంక్రాంతి మధ్యాహ్నం కంటే చల్లగా ఉంటుంది. ఇక్కడేమో మే నెలలో 45 డిగ్రీలు. బెజవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు కదా! నాలుగు కర్రలు పాతి గ్రీన్ నెట్ కట్టాం. మా నల్లరేగడిలో నీళ్లు నిలిచి వేళ్లు కుళ్లుతాయని ఇసుక కలిపాం. పూటపూటా ఆకుల మీద నీళ్లు చిలకరించడం నా డ్యూటీ. నడినెత్తి చిగురు విరిగితే మళ్లీ అంత నిటారుగా ఎదగదు కాబట్టి, కేబుల్ కుర్రాడు వైరు లాగుతున్నంతసేపూ నాకు టెన్షనే. మా నాన్నగారు ఇప్పుడు ఆ నెట్ కిందే పడక్కుర్చీ వేసుకుంటున్నారు. మామిడి ఉన్నప్పుడు వేసుకున్నదీ అక్కడే.

మొన్న ఉగాదికి తోరణం కట్టాలి. అరకేరియా రెమ్మలు కడదామా అని అడిగితే మా ఆవిడ చూసిన చూపు ఇక్కడ రాయదగింది కాదు. చేసేది లేక ఎదురింటికి వెళ్లాను. వాళ్ల మామిడి మా చెట్టు టెంకకు మొలిచిందే. పిన్నిగారు రెండు మండలు తుంచి చేతిలో పెడుతూ అన్నారు:

"అదేంటి బాబూ, ఇంట్లో అంత పెద్ద చెట్టు పెట్టుకుని!"