బానెట్ మూయరాదు

అంబాసిడర్ కారు రోడ్డు పక్కన బానెట్ ఎత్తి నిలబడడం ఒకప్పుడు మన జిల్లాలో కుటుంబ గౌరవానికి సంబంధించిన విషయం. కావలికీ సింగరాయకొండకూ నడుమ జాతీయ రహదారి మీద, రోహిణి కార్తె ఎండలో, రేడియేటర్ ఆవిరి చిమ్ముతుంటే డ్రైవరు తడిపిన గోనెపట్టాతో మూత తిప్పేవాడు. వెనక సీటులోని పెళ్లివారు తమవాళ్లెవరూ ఆ దారిన రాకూడదని మొక్కుకుంటూ వేపచెట్టు నీడకు నడిచేవారు. ఆ అవమానాన్నే గౌరవంగా మార్చిన ఘనత పాత కార్లను బాగుచేయించి పెంచుకుంటున్న నేటి నెల్లూరు పెద్దలది. వారి కార్లు ఇప్పుడు కల్యాణ మండపాల ముందు బానెట్ ఎత్తుకునే నిలబడుతున్నాయి. లోపల అంత ఖర్చు పెట్టినప్పుడు మూత మూయడం దుబారా అవుతుందన్నది వారి వాదన, అందులో నాకు దోషమేమీ కనిపించలేదు.

ఆ ఖర్చులో సింహభాగం టాపెట్ కవర్‌ది. 1489 సీసీ అంబాసిడర్ ఇంజన్ నెత్తిన కంపెనీవారు పెట్టింది రేకును అచ్చుగుద్ది రంగు వేసిన సాదా మూత. నూనె చిమ్మకుండా, దుమ్ము పడకుండా చూడడం తప్ప దానికి వేరే పని లేదు, ఆ పనిని అది దశాబ్దాల పాటు నోరెత్తకుండా చేసింది. ఇప్పుడు దాన్ని తీసి అటక మీద పెట్టి, అల్యూమినియం దిమ్మను కంప్యూటరు యంత్రం మీద చెక్కించి, వరసగా రెక్కలు తీయించి, ముఖం కనిపించేదాకా బఫింగ్ పట్టించిన కవర్‌ను బిగిస్తున్నారు. ఒక పెద్దమనిషి ఇంకో అడుగు ముందుకు వేసి అమెరికా నుంచి జత కవర్లు తెప్పించారు. అవి వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న ఇంజన్లకు చేసినవి, అక్కడ సిలిండర్లను పైన మూసే తలకాయలు రెండు. మన ఇంజన్‌కు వరసగా నాలుగే సిలిండర్లు, ఒకటే తలకాయ. ఒక కవర్‌ను ఆటోనగర్‌లో కోయించి, అతికించి, ఎలాగో కూర్చోబెట్టారు. రెండోది హాల్లో షోకేసులో, పిల్లలు గెలిచిన కప్పుల పక్కన ఉంది. వచ్చినవారు అదేమిటని అడిగితే ఆయన అమితమైన ఓపికతో వివరిస్తారు. అడగకపోయినా వివరిస్తారు.

కవర్ ఎంత ఖరీదైనదైనా దాని కింద ఉండవలసింది నూనె కారకుండా ఆపే బెండు పట్టీ, అంటే కార్క్ గ్యాస్కెట్టే. వంద రూపాయల వస్తువు కాబట్టి దాని మీద ఎవరికీ శ్రద్ధ ఉండదు. అతిథులు వంగి కవర్‌లో తమ క్రాపు సరిచూసుకుంటున్న సమయంలోనే దాని అంచు నుంచి ఒక నల్లని నూనె చుక్క మెల్లగా దిగుతుంది. యజమాని మాట ఆపకుండానే పట్టుపంచె చెంగుతో దాన్ని తుడిచే నేర్పు చూసి తీరవలసింది.

కవర్ తరువాత ఎయిర్ క్లీనర్ మీదికి, రేడియేటర్ మూత మీదికి, చివరికి నూనె మట్టం చూసే డిప్‌స్టిక్ పిడి మీదికి కూడా క్రోమ్ పాకింది. అలంకారానికి వేసే క్రోమ్ పూత మందం మామూలుగా అర మైక్రానుకు, అంటే మిల్లీమీటరులో రెండువేలవ వంతుకు మించదు. మెరుపులో అధిక భాగం దాని కిందనున్న నికెల్‌ది. ఆ పలుచని పూతలో కంటికి కనిపించని సందులుంటాయి, మైపాడు వైపు నుంచి వీచే ఉప్పుగాలి వాటిని ఎంత సులువుగా కనిపెడుతుందో ఇక్కడ గేటు గ్రిల్లు పెట్టించుకున్న ఎవరినడిగినా చెబుతారు. అందుకే కొందరు ఇంజన్‌ను తుడవడానికే ఒక కుర్రవాణ్ని నెలజీతానికి పెట్టుకున్నారు. నిరుద్యోగ సమస్యకు ఈ దిశగా పరిష్కారం దొరుకుతుందని ఆర్థికవేత్తలు ఊహించి ఉండరు.

నీటి గొట్టాల సంగతి ఇంకా ఉదాత్తమైనది. రబ్బరు హోస్‌కు ఉక్కు జాలీ తొడిగితే చూపు తిప్పుకోలేము. పాత రోజుల్లో హోస్ ఉబ్బినా, పగులు పట్టినా డ్రైవరుకు ముందే తెలిసేది. జాలీ కింద అది ఎవరికీ తెలియకుండా ఉబ్బి, పగిలి, వేడినీళ్ల రూపంలో ఒకేసారి తన మనసు విప్పుతుంది. నల్లరంగు వేసిన ఇనుము వేడిని వదిలినంత తేలికగా మెరుగుపెట్టిన లోహం వదలదన్న చాదస్తపు భౌతికశాస్త్రాన్ని ఆటోనగర్‌లోని ఒక ముసలి మెకానిక్ ఇంకా పట్టుకుని వేలాడుతున్నారు. "ఏంది సామీ, బండికి నగలు పెట్టినారు బాగుండాది, ఫ్యాన్ బెల్టు మాత్రం తెగేదానికి వచ్చుండాది, అదన్నా మార్పీకూడదా?" అని ఆయన అడిగారట. ఫ్యాన్ బెల్టులో క్రోమ్ రకం దొరకదని యజమాని చెప్పడంతో ఆ చర్చ ముగిసింది.

చట్టం కూడా ఈ కళను సరిగా అర్థం చేసుకోలేదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండి వింటేజ్ గుర్తింపుకు అర్హమవుతుంది. ఛాసిస్‌లో, బాడీలో, ఇంజన్‌లో చెప్పుకోదగ్గ మార్పు ఉండరాదు. 20,000 రూపాయల రుసుము కడితే 'వీఏ' అక్షరాలతో నంబరు ఇస్తారు. రెక్కల కవర్ మార్పు కిందికి వస్తుందా, అలంకారం కిందికి వస్తుందా అన్నది తేల్చడానికి కార్ల వారితో పాటు ఆగమ పండితులను కూడా కూర్చోబెట్టాలని నా సూచన. అలాంటి బండి ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, ర్యాలీకి, పెట్రోలు పోయించుకోవడానికి, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలని కూడా ఆ నిబంధనల్లో ఉంది. మనవారు చట్టం కన్నా కఠినంగా ఉన్నారు. వారి బండ్లకు పెట్రోలుతోనే పని పడడం లేదు.

గుడిలో మూలవిరాట్టు కదలదు, ఊరేగేది ఉత్సవమూర్తి. ఇక్కడ అలంకారమంతా మూలవిరాట్టుకే జరిగింది గనుక ఊరేగింపు చిక్కు తెచ్చిపెట్టింది. ఒంగోలులో ఏదైనా ప్రదర్శన ఉంటే సుమారు 120 కిలోమీటర్ల దూరం కారు లారీ మీద, టార్పాలిన్ కప్పుకుని వెళుతుంది. నడిపితే ఇంజన్ వేడెక్కుతుంది, వేడెక్కితే ఎగ్జాస్ట్ గొట్టం మీది క్రోమ్ నీలం తిరుగుతుంది. బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 దాకా అంబాసిడర్లు తయారుచేసినవారు ఈ ప్రమాదాన్ని ముందుగా ఆలోచించకుండా ఇంజన్‌ను తిరిగేలా చేయడం వారి అజ్ఞానమే.

ఏడాదికొక్కసారి, దసరా ఆయుధపూజ నాడు మాత్రం ధర్మసంకటం ఎదురవుతుంది. చక్రాల కింద నిమ్మకాయలు నలగాలంటే కారు మూరెడైనా కదలాలి. దానికి తాళంచెవి వాడడం శాస్త్రసమ్మతమే అయినా క్రోమ్ సమ్మతం కాదు. కిందటిసారి వీధిలోని నలుగురు కుర్రాళ్లు వెనక నుంచి తోశారు, పొదలకూరు నిమ్మకాయలు నాలుగూ చక్కగా నలిగాయి, బానెట్ ఎత్తే ఉన్నందువల్ల ముందేముందో స్టీరింగ్ పట్టుకున్నాయనకు కనబడక కారు ఎదురింటి అరుగుకు తగిలింది. బంపరు వంగింది. దాన్ని కూడా క్రోమ్ వేయించడానికి ఇచ్చారు.