గుంటడు తినట్లేదంటే ముందు పాల గ్లాసులు లెక్కపెట్టండి

"గుంటడు ఏటీ తినట్లేదు." మన విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా ఏడాది దాటిన బిడ్డ ఉన్న ఇళ్లలో ఈ మాట వినబడని రోజుండదు. దాని వెనకే టానిక్కు సీసా వస్తుంది, ఆకలి పుట్టించే సిరప్పు వస్తుంది, చివరికి ముద్దకో వీడియో వస్తుంది. అంతదూరం పోకముందే చేయాల్సిన పని ఒకటుంది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా బిడ్డ నోట్లోకి వెళ్లిన ప్రతిదీ, గుక్కెడు పాలు, అర బిస్కెట్టుతో సహా, టైము వేసి మూడు రోజులు కాగితం మీద రాయాలి. చాలా ఇళ్లలో జవాబు ఆ కాగితం మీదే ఉంటుంది.

రెండేళ్ల పిల్ల కాగితం ఒకటి ఊహించండి. ఏడింటికి లేవగానే గ్లాసుడు పాలు. తొమ్మిదింటికి ఇడ్లీ పెడితే సగం తిని తోసేసింది. అయ్యో అని పదకొండింటికి ఇంకో గ్లాసు, రెండు బిస్కెట్లు. ఒంటిగంటకి పప్పన్నం నాలుగు ముద్దలు. నిద్ర లేచాక మళ్లీ పాలు. రాత్రి అన్నం వద్దని ఏడిస్తే, ఖాళీ కడుపుతో ఎలా పడుకోబెడతామని నాలుగో గ్లాసు. గ్లాసుకి 200 మి.లీ. వేసుకున్నా 800 మి.లీ. అయింది. ఆరు శాతం వెన్న ఉండే ఫుల్‌క్రీమ్ ప్యాకెట్ అయితే అవే దాదాపు 700 కేలరీలు. ఆ వయసుకి రోజు మొత్తం మీద కావాల్సింది 1000 నుంచి 1100. ఇక ఆకలి ఎక్కడ మిగులుతుంది? భోజనాన్ని ఆ పిల్ల తాగేస్తోంది.

నష్టం కేలరీల్లో లేదు, ఇనుములో ఉంది. ఒకటి నుంచి మూడేళ్ల బిడ్డకి రోజుకి 8 మి.గ్రా. ఇనుము కావాలి. 800 మి.లీ. పాలలో అర మిల్లీగ్రాము కూడా ఉండదు. పైగా పాలు ఎక్కువైతే తిన్న తిండిలోని ఇనుము కూడా సరిగ్గా ఒంటికి పట్టదు. ఇనుము తగ్గితే ఆకలి మందగిస్తుంది, ఆకలి లేదని మళ్లీ పాలే పోస్తాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 67.1 శాతం మందికి రక్తహీనత తేలింది. దానికి కారణాలు అనేకం, కానీ మన వంటింట్లో మన చేతిలో ఉన్న కారణం ఈ గ్లాసే. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్పు వారానికి రెండుసార్లు, ఒక్కో మిల్లీలీటరు. దాన్ని పాలతో కలిపి పట్టకండి. విరేచనం నల్లగా వస్తే కంగారుపడి ఆపేయకండి, ఐరన్‌కి అది మామూలే.

ఏడాది దాటాక పిల్లలు సహజంగానే తక్కువ తింటారన్నది కూడా పెద్దవాళ్లు మర్చిపోతారు. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాదికి తొమ్మిది కిలోలవుతుంది. రెండో ఏడంతా కలిపి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించినప్పుడు ఆకలీ నెమ్మదిస్తుంది. పూటకి ముప్పావు కప్పు తిన్నా ఆ వయసుకి అది మంచి భోజనమే.

పాలు ఒక్కసారిగా మాన్పించకండి. లెక్క రోజుకి 400 మి.లీ.కి రావాలి, అందుకు వారం పది రోజులు పట్టనివ్వండి. సీసా ఉంటే ముందు అది పోయి చిన్న స్టీలు గ్లాసు రావాలి, సీసాతో తాగే పాలకి కొలత తెలియదు. తర్వాత పదకొండు గంటల గ్లాసు తీసేయండి. లేవగానే ఇచ్చే పాలని టిఫిన్ తర్వాతకి జరపండి. తిండికీ తిండికీ మధ్య రెండున్నర గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. మొదటి మూడు రోజులు పేచీ ఉంటుంది. ఈ పద్ధతి ఎక్కువగా చెడేది అక్కడే: అమ్మ గట్టిగా నిలబడుతుంది, నానమ్మకి మనసాగక చాటుగా బిస్కెట్ ఇస్తుంది. అది ప్రేమే, కాదనలేం. అందుకే ఆ కాగితం నానమ్మకే ముందు చూపించాలి, టైములు ఆవిడ చేతే రాయించాలి.

పలచదనం ఇంకో సమస్య. పప్పు మీద తేట తీసి అన్నంలో పోస్తే పసుపు రంగే వస్తుంది, బలం అడుగున ఉండిపోతుంది. అడుగు పప్పునే మెదిపి, మూడు వంతుల అన్నానికి ఒక వంతు పప్పు, పైన చెంచాడు నెయ్యి, రెండు చుక్కల నిమ్మరసం వేయాలి. జావ కూడా అంతే. చెంచా వంచితే నీళ్లలా కారిపోకూడదు, చెంచాని పట్టుకుని జారాలి. చోళ్లని, అంటే రాగుల్ని, ఒక రాత్రి నానబెట్టి, బట్టలో కట్టి మొలకెత్తించి, ఎండబెట్టి పిండి పట్టిస్తే జావ త్వరగా చిక్కబడదు. కాబట్టి అదే గిన్నెలో పిండి ఎక్కువ పడుతుంది, చిన్న కడుపుకి ఎక్కువ బలం వెళ్తుంది. విశాఖ ఉక్కలో మూట రెండు పూటలా కడగకపోతే బూజు వాసన వేస్తుంది. అలా వేసిందంటే పారేయాల్సిందే. ఎండాక ఎర్రగా వేయిస్తే మొలకల గుణం పోతుంది, సన్న సెగ మీద కమ్మని వాసన రాగానే దించాలి. పిండిని ముందు చల్లటి నీళ్లలో కలిపాకే పొయ్యి మీద పెట్టాలి, లేకపోతే ఉండలు కడుతుంది.

చేపలు దొరికే ఊళ్లో ఉండి బిడ్డకి ముల్లు భయంతో పెట్టకపోవడం నాకు బాధగా అనిపిస్తుంది. చందువలో సన్నముళ్లు తక్కువ. ఆవిరి మీద ఉడికించి, వేళ్లతో నలిపి చూసి అన్నంలో కలపొచ్చు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో గుడ్డు, కోడి కార్జం ఆ లోటు తీరుస్తాయి.

సాయంత్రం ఆరింటికి బీచ్‌లో మురీ (మరమరాల) మిక్స్చరు తినిపించి ఎనిమిదింటికి అన్నం తినలేదని విసుక్కోవడం న్యాయం కాదు. ఆ మిక్స్చరులో వేరుశెనగ పలుకులు నాలుగేళ్ల లోపు పిల్లలకి అసలు వద్దు, ఊపిరి గొట్టంలో ఇరుక్కుంటాయి.

రెండు నెలలు వరసగా బరువు పెరగకపోయినా, తగ్గినా, కనురెప్ప లోపల, అరచేతులు తెల్లబారినా, మింగేటప్పుడు ఉక్కిరిబిక్కిరవుతున్నా ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి పిల్లల డాక్టరుకి చూపించండి.

ఈ ఊరికి మరో చిక్కుంది, షిఫ్టులు. మధ్యాహ్నం ఎక్కే బి షిఫ్ట్ నాన్న రాత్రి పదింటికి డ్యూటీ దిగి ఇల్లు చేరేసరికి పదకొండు. ఆయన కోసం మేలుకున్న బిడ్డ మర్నాడు తొమ్మిదిన్నరకి లేస్తుంది, టిఫిన్ పదిన్నరకి, అక్కడి నుంచి రోజంతా జరిగిపోతుంది. రాత్రి అన్నం ఏడున్నరకి, నిద్ర తొమ్మిదికి అని ఇంట్లో ఖాయం చేసుకోవాలి. నాన్న వంతు పొద్దున్న పూట పెట్టుకోవాలి. ఎనిమిదిన్నరకి పక్కనే కూర్చుని ఆయన తన కంచంలో ఇడ్లీ తుంచుకుంటుంటే, బిడ్డ ముందు ఇంకో చిన్న కంచం, అందులో ఒక ఇడ్లీ పెడితే చాలు. నోట్లో కుక్కక్కర్లేదు.