స్లీప్ గారికి మేలుకొలుపు

మహారాజశ్రీ స్లీప్ కమాండ్ గారికి,

నమస్కరించి వ్రాయునది. అక్కడ మీరు హాయిగా నిద్రపోయారు, సంతోషం. ఇక్కడ నేను క్షేమంగా లేను.

ప్రోగ్రామ్‌ని కాసేపు ఆపి ఉంచడమే కదా మీ పని. నిన్న మధ్యాహ్నం బ్యాష్ స్క్రిప్టులో, అంటే కంప్యూటర్ వరసగా పాటించే ఆదేశాల చిట్టాలో, మిమ్మల్ని ఐదంటే ఐదు సెకన్లు కునుకు తీయమన్నాను. వెనక ఫైలు కాపీ అవుతోంది, అయ్యేదాకా ఆగుదామని. 'స్లీప్ 5000' అని రాశాను. మీరు పడుకున్నారు. నెట్ స్లోగా ఉందేమో అనుకున్నాను. సర్వర్‌ని తిట్టాను. లాగ్ తెరిస్తే అదీ మీ పక్కనే గురకపెడుతోంది. గంట దాటాక గానీ వెలగలేదు, మీ లెక్క సెకన్లలో అని, నేననుకున్నట్టు మిల్లీసెకన్లలో (సెకనులో వెయ్యో వంతు) కాదని. 5000 సెకన్లంటే గంటా 23 నిమిషాల 20 సెకన్లు! కంట్రోల్ సి కొట్టి లేపితే మీతోపాటు స్క్రిప్టు కూడా పోయింది. మళ్ళీ మొదటి నుంచి.

తప్పు నాదేనంటారు. సరే, వేరే ప్రోగ్రామింగ్ భాషల్లో ఉండే మీ వాళ్ళ సంగతి చూద్దాం. విబిస్క్రిప్ట్‌లో ఉండే మీ తమ్ముడికి 5000 అంటే ఐదు సెకన్లే. ఆర్డుయినోలో డిలే అని పేరు మార్చుకున్నాయనకీ అంతే. పైథాన్‌లో మళ్ళీ సెకన్లు. పోనీ అని ఆటోహాట్‌కీలో 5 అని రాస్తే, కన్ను మూసీ మూయకముందే లేచి, ఇంకా తెరుచుకోని విండో కోసం రాసిందంతా వేరే విండోలో టైప్ చేసేశారు. ఒకే ఇంటిపేరు, తలా ఒక గడియారం.

విండోస్ బ్యాచ్ ఫైల్లో మీ పనే చేసే టైమౌట్ గారిది ఇంకో తీరు. ఇన్‌పుట్ రీడైరెక్ట్ చేస్తే, అంటే కీబోర్డు బదులు వేరే చోటి నుంచి మళ్ళిస్తే, ఎర్రర్ ఇచ్చి వెళ్ళిపోతారు. అప్పుడు ఐదు సెకన్లు గడవడానికి మన కంప్యూటర్ సొంత చిరునామా 127.0.0.1కే, సెకను ఎడంతో, 'ఉన్నావా?' అని ఆరు పింగులు కొట్టాలి. మన తలుపు మనమే ఆరుసార్లు తట్టుకుని, 'ఎవరూ?' అని మనమే పలకడం!

అయినా ఒక్క మాట అడగొచ్చు కదా, సెకన్లా, మిల్లీసెకన్లా అని? లినక్స్‌లో మామూలుగా కనిపించే జిఎన్‌యూ వాళ్ళ దగ్గర నీకు నిమిషానికి ఎమ్ ఉంది, గంటకి హెచ్ ఉంది, రోజుకి డి కూడా ఉంది. మిల్లీసెకన్‌కి ఏ అక్షరమూ లేదు. రోజుల తరబడి పడుకోవడానికి అక్షరం దొరికింది, చిటికెలో లేవాలంటే మాత్రం నేను 0.005 అని సున్నాలు లెక్కపెట్టుకోవాలి! 5000 కనబడగానే సెకన్లేనని ఖాయం చేసుకుని ముసుగుతన్నావే, కుంభకర్ణుడికైనా లేపే ఏర్పాటు ఉండేది!

సరే, ఆవేశపడ్డాను. అసలు గుడ్డిగా ఆగకుండా, ఫైలు పూర్తయిందో లేదో చూసే లూప్ రాయాల్సింది. రాత్రి కూర్చుని రాశాను. మీ అవసరం తీరిపోయిందనే అనుకున్నాను. నడిపితే ఆ లూప్ ఊపిరాడకుండా తిరిగి ప్రాసెసర్‌ని పట్టుకు కూర్చుంది. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎవరో ఒకరు కాస్త కునుకు తీయాలి. మీరే దిక్కయ్యారు.

'స్లీప్ 5'. రెండుసార్లు చూసుకున్నాను, సున్నాలు లేవు.

ఇట్లు,
కంట్రోల్ సి మీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్న
మీ విధేయుడు