దిగ్భ్రాంతికి పది పౌండ్ల జరిమానా

ఇంగ్లీషువాళ్ళు గ్రీకు నుంచి తెచ్చుకోనిది లేదు. జబ్బు చేస్తే గ్రీకు, శాస్త్రం చెప్పాలంటే గ్రీకు, భయపడితే ఫోబియా, గందరగోళమైతే కేయాస్, కొంప మునిగితే కెటాస్ట్రఫీ. ఇన్ని తెచ్చుకున్నవాళ్ళు తీరా నిజంగా ఉలిక్కిపడినప్పుడు మాత్రం 'వావ్' అంటారు. కాలి మీద సుత్తి పడినవాడెవడూ 'ఏమి ఈ ఫినామినన్!' అని కేక పెట్టిన దాఖలా లేదు. ఇంతటి వైపరీత్యాన్ని భాషావేత్తలు గానీ ఆర్థికవేత్తలు గానీ పట్టించుకోలేదు కాబట్టి ఆ భారం ఈ కాలమ్ మీద పడింది.

ముందుగా సాక్ష్యం. 1957 సెప్టెంబరు 26న వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు వార్షిక సమావేశం ముగింపు వేళ గ్రీసు కేంద్ర బ్యాంకు గవర్నరు జెనోఫోన్ జొలొటాస్ గారు మాట్లాడటానికి లేచారు. తాను గ్రీకులోనే మాట్లాడతానని, అయినా అది సభలో అందరికీ ఇంగ్లీషుగానే వినిపిస్తుందని చెప్పి మొదలుపెట్టారు. 'ది', 'ఆఫ్' లాంటి చిల్లర మాటలు వదిలేస్తే మిగిలినవన్నీ దాదాపుగా గ్రీకు వంశానివే. అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ ఆయన నోట 'న్యూమిస్మాటిక్ థెసారస్' అయింది. ద్రవ్యోల్బణం 'న్యూమిస్మాటిక్ ప్లెథొరా' అయింది. 1959లో మళ్ళీ అదే వేదిక మీద, ఒక పక్క సిల్లా అనే రాక్షసి లాంటి ప్లెథొరా, ఇంకో పక్క కరిబ్డిస్ సుడిగుండం లాంటి ఆర్థిక రక్తహీనత, నడుమ మనమూ అని వాపోయారు. ఈయన ఆ తర్వాత 85 ఏళ్ళ వయసులో, 1989 నవంబరులో, గ్రీసు ప్రధాని కూడా అయ్యారు. వందేళ్ళు బతికారు. ధరల పెరుగుదలను ప్లెథొరా అనగలిగిన మనిషికి రక్తపోటు ఎందుకు వస్తుంది?

ఆ రెండు ప్రసంగాలనూ నేను భూతద్దం పెట్టి గాలించాను. అగొనీ ఉంది, మెలంకలీ ఉంది, కేయాస్, కెటాస్ట్రఫీ జంటగా ఉన్నాయి, పెట్టిన విందులకు 'గాస్ట్రొనామిక్ సింపోజియా' పేరిట ధన్యవాదాలు కూడా ఉన్నాయి. లేనిదల్లా ఆశ్చర్యం. ప్రళయం గురించి మాట్లాడుతున్న మనిషి గొంతులో 'ఓరి నాయనో' అన్న అలికిడి ఎక్కడా లేదు. ఉండదు కూడా. పెద్ద మాట నోటికి రావాలంటే తీరిక కావాలి, తీరికగా ఉన్నవాడికి సంగతి ముందే తెలిసి ఉంటుంది. ఇదే నా సిద్ధాంతం. దీన్ని ఇప్పుడు ఇంగ్లీషు, గ్రీకు దేశాల చరిత్రతో నిరూపించి, చివర్లో మన రాష్ట్రాల మీదికి వస్తాను.

ఇంగ్లీషువాళ్ళ ఆశ్చర్యం కథ కొంచెం జాలిగొలిపేదే. 'సర్‌ప్రైజ్' అన్న మాటే ఫ్రెంచి వాళ్ళది. 'వావ్' స్కాట్లాండ్ సరుకు. 1513లో గావిన్ డగ్లస్ అనే కవి లాటిన్ కావ్యాన్ని స్కాట్స్ భాషలోకి తెచ్చినప్పుడే అందులో కనిపిస్తుంది. సొంతంగా ఉన్నదల్లా దేవుడి పేరు. దాని మీద కూడా 1606లో మొదటి జేమ్స్ రాజు హయాంలో పార్లమెంటు కన్ను పడింది. నాటకంలో దేవుడి పేరు గానీ క్రీస్తు పేరు గానీ వేళాకోళంగా ఎత్తితే మాటకు పది పౌండ్ల జరిమానా. ఆనాడది చిన్న సొమ్ము కాదు. అందులో సగం రాజుగారికి, సగం దావా వేసి పట్టిచ్చినవాడికి. అంటే ముందు వరసలో కూర్చున్న ప్రేక్షకుల్లో కొందరు నాటకం చూస్తున్నారో, నటుడు ఎప్పుడు ఉలిక్కిపడతాడా అని లెక్క రాసుకుంటున్నారో చెప్పలేం. జాతి మొత్తం దేవుడి పేరును మింగేసి తోక మాత్రం పలకడంలో ఆరితేరింది. గాడ్ అనబోయి గాష్ అంటారు, గాలీ అంటారు. జీసస్‌లో మొదటి అక్షరం పట్టుకుని జీ అంటారు. దేవుడి గాయాల మీద పెట్టిన ఒట్టు అరిగి అరిగి జౌండ్స్ అయింది.

ఇక నేటి పిల్లలు ఫోనులో కొట్టే ఓఎంజీ, అంటే ఓ మై గాడ్. భాష భ్రష్టుపట్టిందని తాతలు దీన్ని చూసి బాధపడుతుంటారు. 1917 సెప్టెంబరులో దాన్ని రాసినవాడు సాక్షాత్తూ ఒక తాత. బ్రిటిష్ నౌకాదళంలో అడ్మిరల్‌గా చేసిన లార్డ్ ఫిషర్, 76 ఏళ్ళ వయసులో, చర్చిల్‌కు రాసిన ఉత్తరంలో ఓఎంజీ అని రాసి, ఎందుకైనా మంచిదని పక్కనే దాని అర్థం కూడా విప్పి చెప్పాడు. ఆయనకు అంత ఆశ్చర్యం కలిగించింది యుద్ధం అనుకునేరు. కాదు, కొత్తగా ఒక బిరుదు పెడుతున్నారన్న వార్త.

ఆశ్చర్యం పెద్దరికాన్ని సంతరించుకున్న ఘట్టం 2008 నవంబరులో వచ్చింది. బ్యాంకులు కుప్పకూలిన కాలం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో కొత్త భవనం ప్రారంభించడానికి వెళ్ళిన ఎలిజబెత్ రాణి, దీన్ని ముందుగా ఎవరూ ఎందుకు గమనించలేదని అడిగారు. ఇంటికి వచ్చిన పెద్దావిడ వంటింట్లోకి తొంగిచూసి అడిగే లాంటి ప్రశ్న అది. జవాబుకు ఎనిమిది నెలలు పట్టింది. 2009 జులైలో బ్రిటిష్ అకాడమీ తరఫున మూడు పేజీల ఉత్తరం వెళ్ళింది. సారాంశం ఏమిటంటే, సంక్షోభం వస్తుందని చాలామంది చెప్పారు గానీ ఏ రూపంలో, ఏనాడు, ఎంత తీవ్రంగా వస్తుందో ఎవరూ చెప్పలేదట. చాలామంది తెలివైనవాళ్ళ ఊహాశక్తి సామూహికంగా విఫలమైందట. మా వీధిలో వాన పడుతుందని తెలుసు, ఏ గుంతలో ఏ స్కూటరు పడుతుందో తెలియదు అన్నమాట.

గ్రీసు ఇంకా ఒక మెట్టు పైన ఉంది. 2009 ఏప్రిల్‌లో ఆ ఏడాది బడ్జెట్ లోటు జాతీయోత్పత్తిలో 3.7 శాతం ఉండొచ్చని ఐరోపా సమాఖ్యకు చెప్పారు. అక్టోబరులో ప్రభుత్వం మారాక అది 12.5 శాతం అన్నారు. మరుసటి ఏడాది నవంబరుకు ఆ సమాఖ్య గణాంకాల సంస్థ యూరోస్టాట్ లెక్క 15.4 శాతానికి తేలింది. ఐరోపా రాజధానులన్నీ విస్తుపోయాయి. అయితే ఇదే యూరోస్టాట్ ఇదే దేశం లోటు లెక్కలు తప్పని 2004లోనే ఒక నివేదిక వేసింది. చదివి, బీరువాలో పెట్టి, తాళం వేసి, ఐదేళ్ళ తర్వాత విస్తుపోవడమంటే సామాన్యమైన సాధన కాదు. పత్రికలు రాసిన మాటలు చూడండి: క్రైసిస్, డ్రామా, ట్రాజెడీ, కేయాస్, కెటాస్ట్రఫీ. 2010 మేలో అప్పు ఇచ్చినవాళ్ళు 110 బిలియన్ యూరోలు తెచ్చుకోవలసి వచ్చింది గానీ, తిట్టడానికి మాటలన్నీ గ్రీసే సమకూర్చింది. అందులో 30 బిలియన్లు మన జొలొటాస్ గారు పొగిడిన ఆ న్యూమిస్మాటిక్ థెసారస్ నుంచే వచ్చాయి.

మరి గ్రీకులు తమ ఇళ్ళలో ఏమంటారు? క్రైసిస్ అని గుండెలు బాదుకుంటారా? లేదు. 'పనగియా ము' అని మేరీమాతను పిలుస్తారు, లేదా తల అటూ ఇటూ ఊపుతూ 'పో పో పో' అంటారు. ఏథెన్స్ కూరగాయల దుకాణంలో వంకాయల ధర విని పక్కనున్న అవ్వ అలా అంటే, తెలుగువాడు తననే పొమ్మంటోందని సంచీ తీసుకుని బయటికి నడుస్తాడు. పూర్వం సోక్రటీసు కుక్క మీద ఒట్టు పెట్టేవాడు, స్టోయిక్ తత్వవేత్త జీనో అయితే ఒక ముళ్ళపొద మీద. తత్వశాస్త్రం ఆశ్చర్యంలోంచే పుట్టిందని అరిస్టాటిల్ సెలవిచ్చాడు. కుక్కను చూసి, పొదను చూసి పుట్టిన ఆశ్చర్యం కాబట్టి అది నిజమైనదేనని నమ్ముతాను.

నమ్మనిది గ్రీకు దేవతల రాజు జ్యూస్‌ని. హోమర్ కావ్యం ఒడిస్సీ మొదట్లోనే దేవతల సభలో ఆయన 'ఓ పోపోయ్!' అంటూ నోరు తెరుస్తాడు. మనుషులు తమ కష్టాలన్నిటికీ దేవుళ్ళనే నిందిస్తారేమిటని ఆశ్చర్యం. ఆ వెంటనే ఏజిస్థస్ అనేవాడి ఉదంతం చెబుతాడు. అగమెమ్నాన్ రాజును చంపవద్దని, అతని భార్య జోలికి పోవద్దని దేవతల దూత హెర్మెస్‌ను పంపి ముందే హెచ్చరించామని, వాడు వినలేదని, చచ్చాడని. సర్వజ్ఞుడు ఆశ్చర్యపోవడం, ముందస్తు హెచ్చరికలు జారీ చేశామనడం, తప్పు బాధితుడి మీదికే నెట్టడం, మూడూ ఒక్క ప్రకటనలో! మన పౌరసంబంధాల శాఖలు ఈ శైలి స్వయంగా కనిపెట్టాయని ఇన్నాళ్ళూ గర్వపడ్డాం. రెండున్నర వేల ఏళ్ళ కిందటే పేటెంటు పోయింది.

ఇంగ్లీషుకు గ్రీకు ఎలాగో మనకు సంస్కృతం అలాగ. తెలుగువాడికి సొంత ఆశ్చర్యాలు దండిగా ఉన్నాయి. అమ్మో, అబ్బో, ఔరా, హవ్వ, ఓరి నాయనో. ముక్కున వేలేసుకోవచ్చు, బుగ్గలు నొక్కుకోవచ్చు, నోరు వెళ్ళబెట్టవచ్చు. పదవి రాగానే ఇవన్నీ పోయి దిగ్భ్రాంతి వస్తుంది. గ్యాస్ బండ ధర విని 'నేను దిగ్భ్రాంతి చెందాను' అన్న గృహిణి ఉంటే నాకు చూపించండి. ప్రకటనలో మాత్రం అది మొదటి వాక్యంలోనే కూర్చుంటుంది. దిక్కులు తెలియని స్థితికి ఆ పేరు పెట్టారు కదా, రెండో వాక్యానికల్లా అదే పెద్దమనిషి అధికారులకు దిశానిర్దేశం చేస్తాడు. అంత త్వరగా కోలుకున్నందుకు అభినందించాలో, వైద్యుడికి చూపించమనాలో తెలియదు.

చెరువు గర్భంలో కాలనీకి అనుమతిచ్చి, వానాకాలంలో చెరువు తన ఇంటికి తాను వస్తే దిగ్భ్రాంతి. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచినప్పుడు ఆనాటివాళ్ళు నిజంగానే హడలిపోయారు. అందుకే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించారు. దిగ్భ్రాంతి చెందే నాగరికత అప్పటికి ఉండి ఉంటే ఒక ప్రకటనతో పోయేది, అంత సిమెంటూ సున్నమూ మిగిలేవి.

ఇళ్ళలో మాత్రం ఏమంత మేలుగా ఉంది? నాకు తెలిసిన ఒక పెద్దాయన షష్టిపూర్తికి పిల్లలు అమెరికా నుంచి చెప్పకుండా దిగారు. చెప్పకుండా అంటే ఆయనకు చెప్పకుండా. అంతకుముందు రోజే భార్య మామూలుకు నాలుగింతలు మినప్పప్పు నానబోయడం, అటక మీది పరుపులు ఎండలో పడటం చూసి ఆయనకు విషయం అర్థమైంది. పొద్దున్నే గడ్డం నున్నగా గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఏమీ తెలియనట్టు పేపరు పట్టుకుని కూర్చున్నారు. తలుపు తెరుచుకోగానే 'ఓ మై గాడ్' అన్నారు. కోడలి ఫోను ఆ క్షణంలో పనిచేయలేదు. 'మావయ్యగారూ, ఇంకొక్కసారి' అంది. పిల్లలు పెట్టెలు లాక్కుని మళ్ళీ గుమ్మం బయటికి వెళ్ళారు. రెండోసారి ఆశ్చర్యం ఇంకా బాగా పండింది, గుండె మీద చెయ్యి కూడా పడింది. సాయంత్రం ఫంక్షన్ హాలు బిల్లు చేతికొచ్చినప్పుడు ఆయన 'అమ్మో!' అన్నారు. ఆ ఒక్కటీ ఎవరూ చిత్రీకరించలేదు.

కాబట్టి 1606 నాటి ఇంగ్లీషు చట్టాన్ని కొద్ది మార్పులతో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమలు చేయాలని కోరుతున్నాను. ఏటా వచ్చే వరదకు, ఏటా పగిలే పైపుకు, ఏటా లీకయ్యే ప్రశ్నపత్రానికి దిగ్భ్రాంతి చెందినవారికి మాటకు పది పౌండ్లు. విస్మయానికి ఐదు. 'తీవ్ర' అన్న విశేషణం తగిలిస్తే రెట్టింపు. అమ్మో, ఓరి నాయనో లాంటివి ఎంత పెద్ద హోదాలో ఉన్నవారు అన్నా పూర్తి మినహాయింపు. అలా అన్న అధికారికి వీలైతే ఒక ఇంక్రిమెంటు కూడా ఇవ్వాలి, ఎందుకంటే ఆయనకు సంగతి నిజంగా ఇప్పుడే తెలిసిందని రుజువవుతుంది. జరిమానాను రూపాయల్లో కాకుండా పౌండ్లలోనే ఉంచడం మంచిది. మారకం రేటు విన్నప్పుడైనా నోటి నుంచి తెలుగు మాట వస్తుంది.

పాత చట్టంలోలాగే సగం ఖజానాకు, సగం పట్టిచ్చినవాడికి. ఈ ప్రతిపాదన తమను దిగ్భ్రాంతికి గురిచేసిందని ఏ శాఖైనా ప్రకటన ఇస్తే మొదటి కేసు అదే అవుతుంది. పట్టిచ్చినవాడిని నేనే. బ్యాంకు ఖాతా వివరాలు కవరులో పెట్టి సిద్ధంగా ఉంచాను.