2025 ఆగస్టు బ్యాలట్: మా సిఫారసులు

సియాటిల్ నగరమున్న కింగ్ కౌంటీలో ఓటున్న ప్రతి ఇంటికీ 2025 జులైలోనే ప్రైమరీ బ్యాలట్లు వచ్చేశాయి. చాలా ఇళ్లలో అవి ఇంకా విప్పకుండా వంటగది గట్టు మీదే ఉన్నాయని మాకు తెలుసు. అసలు ఎన్నిక నవంబరులో కదా, ఇప్పుడు తొందరేమిటన్నది మనవాళ్ల ధీమా. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ ధీమా పనికిరాదు. ఇక్కడి ప్రైమరీలో పార్టీల ప్రమేయం లేకుండా అందరూ ఒకే జాబితాలో ఉంటారు. మొదటి ఇద్దరే నవంబరు బ్యాలట్ ఎక్కుతారు, మిగతావారి కథ ఆగస్టుతోనే సరి. 2024లో రాష్ట్ర భూముల కమిషనర్ పదవికి ఏడుగురు పోటీపడ్డారు. అయిదుగురు డెమొక్రాట్ల మధ్య ఓట్లు చీలి, ఇద్దరు రిపబ్లికన్లే నవంబరుకు మిగిలే పరిస్థితి వచ్చింది. పోలైన ఓట్లు 19 లక్షల పైచిలుకు. వాటిని చేత్తో మళ్లీ లెక్కపెట్టాక డేవ్ అప్‌థెగ్రోవ్ 49 ఓట్ల తేడాతో రెండో స్థానం దక్కించుకున్నారు, నవంబరులో గెలిచి కమిషనరయ్యారు. ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలోని ఓట్లన్నీ కలిపినా 49 దాటతాయి.

ఈసారి అలాంటి స్థానం కౌంటీ ఎగ్జిక్యూటివ్, అంటే కౌంటీ పాలనాధిపతి పదవి. 2009 నుంచి ఆ కుర్చీలో ఉన్న డౌ కాన్‌స్టంటైన్ ఇక్కడి రైళ్లు నడిపే ప్రాంతీయ రవాణా సంస్థ సౌండ్ ట్రాన్సిట్‌కు సీఈఓగా వెళ్లిపోయారు. ఆ తర్వాత 2025లో తాత్కాలికంగా బాధ్యతలు చూసిన షానన్ బ్రాడక్ పోటీలో లేరు. మనలో చాలామందికి నగర మేయర్ పేరు తెలిసినంతగా ఈ పదవి గురించి తెలియదు. మెట్రో బస్సులు, కౌంటీ జైళ్లు, ప్రజారోగ్యం, మురుగునీటి శుద్ధి దీని కిందే ఉన్నాయి. కౌంటీ పోలీసు అధిపతి అయిన షెరీఫ్‌ను ఓటర్లు ఎన్నుకునే పద్ధతిని 2020లో చార్టర్ (కౌంటీ మూల శాసనం) సవరణతో తీసేశారు గనుక షెరీఫ్ నియామకమూ ఎగ్జిక్యూటివ్ చేతిలోనే ఉంది. సమామిష్ లాంటి నగరాలకు సొంత పోలీసు శాఖ లేదు, షెరీఫ్ కార్యాలయంతో ఒప్పందం మీదే వాటి భద్రత నడుస్తుంది. కాబట్టి సమామిష్‌లో 911కి ఫోన్ చేస్తే వచ్చే అధికారి ఎవరి కింద పనిచేయాలో ఈ ఓటే తేలుస్తుంది. ఇంకో విషయం, 2025లో గెలిచేవారి పదవీకాలం నాలుగేళ్లు కాదు, మూడేళ్లు. కౌంటీ ఎన్నికలను సరి సంవత్సరాలకు మార్చాలని 2022లో ఓటర్లు తీర్మానించారు, తదుపరి ఎన్నిక 2028లో. పని నేర్చుకుంటూ కూర్చునే వ్యవధి లేదు.

ఈ కారణంతోనే మా సిఫారసు క్లాడియా బాల్డుచ్చీ. బెల్‌వ్యూ మేయర్‌గా చేశారు, 2016 నుంచి కౌంటీ కౌన్సిల్లో ఉన్నారు. అంతకుముందు కౌంటీ జైళ్ల శాఖకు డైరెక్టరు. అది ఎవరూ కోరి తీసుకోని ఉద్యోగం, కౌంటీ జనరల్ ఫండ్‌ను ఎక్కువగా మింగే శాఖల్లో ఒకటి కూడా. రైలు విషయంలో ఆమె పని మన పాఠకులకు కళ్లముందే ఉంది. సియాటిల్ నుంచి సరస్సు దాటి బెల్‌వ్యూ వచ్చే లైట్ రైలు మార్గం 2 లైన్‌లో, ఐ-90 మార్గం వెంట పట్టాల కింద పోసిన కాంక్రీట్ దిమ్మెల్లో లోపాలు బయటపడి ప్రారంభం ఏళ్లతరబడి వెనక్కి పోయింది. అంతా పూర్తయ్యేదాకా ఆగకుండా, సిద్ధమైన తూర్పు భాగాన్నయినా నడపాలని సౌండ్ ట్రాన్సిట్ బోర్డులో పట్టుబట్టినవారు బాల్డుచ్చీ. సౌత్ బెల్‌వ్యూ నుంచి రెడ్‌మండ్ టెక్నాలజీ స్టేషన్ దాకా ఎనిమిది స్టేషన్లతో 2024 ఏప్రిల్ 27న రైలు కదిలింది. 2025 మే 10న డౌన్‌టౌన్ రెడ్‌మండ్ దాకా వచ్చింది.

ఆమెకు గట్టి పోటీ గిర్మయ్ జహిలయ్. ఇతియోపియా తల్లిదండ్రులకు సూడాన్ శరణార్థి శిబిరంలో పుట్టి, ఇక్కడ పెరిగి న్యాయవాది అయ్యారు. 2025లో కౌంటీ కౌన్సిల్ అధ్యక్షులు. మానసిక సంక్షోభంలో ఉన్నవారికి అయిదు అత్యవసర కేంద్రాలు కట్టడానికి 2023లో ఓటర్లు ఆమోదించిన లెవీ (ప్రత్యేక ఆస్తి పన్ను) వెనుక ఆయన కృషి పెద్దది. ఆయన గెలిచినా కౌంటీకి నష్టమని మేము అనం. కానీ ఆ కేంద్రాలను సకాలంలో తెరిపించడం, బస్సుల్లో భద్రత, లోటు బడ్జెట్ అన్నీ యంత్రాంగాన్ని నడిపించే పనులే. ఆ అనుభవం బాల్డుచ్చీకి ఎక్కువ. సియాటిల్ మేయర్ పోటీపై మా మాట అక్టోబరులో చెబుతాం. 2025లో మేయర్‌గా ఉన్న బ్రూస్ హారెల్, ఆయనతో తలపడుతున్న కేటీ విల్సన్ ఇద్దరూ నవంబరుకు చేరతారనే మా అంచనా.

ఇక పన్నుల సంగతి. సియాటిల్ నగరంలో ఉండేవారు ఇక్కడ ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి, వాళ్ల బ్యాలట్‌లో ‘ప్రపోజిషన్ 1’ అనే ప్రతిపాదన రెండుసార్లు కనిపిస్తుంది. ఒకటి కౌంటీది, పార్కుల లెవీ. రెండోది నగరానిది, డెమొక్రసీ వోచర్ల లెవీ. ఒకదాని కరపత్రం చదివి ఇంకోదాని గడి నింపేయడం తేలిక. సరస్సుకు తూర్పున బెల్‌వ్యూ, రెడ్‌మండ్ లాంటి ఈస్ట్‌సైడ్ ఊళ్లవాళ్లకు మొదటిదే ఉంటుంది.

పార్కుల లెవీ కొత్తది కాదు. 2019లో ఓటర్లు ఇచ్చిన ఆరేళ్ల అనుమతి 2025 డిసెంబరుతో ముగుస్తుంది. అప్పుడు ఇంటి విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు 18.32 సెంట్లు అడిగారు, ఇప్పుడు 23.29 సెంట్లు అడుగుతున్నారు. పది లక్షల డాలర్ల ఇంటికి మొదటి ఏడాది సుమారు 233 డాలర్లు, పదిహేను లక్షల ఇంటికి 349. మళ్లీ మళ్లీ లెవీ ఏమిటని విసుక్కునేవారికి కారణం చెప్పాలి. స్థానిక సంస్థలు ఆస్తి పన్ను ఆదాయాన్ని ఏటా 1 శాతానికి మించి పెంచాలంటే, కొత్త నిర్మాణాలను మినహాయిస్తే, ఓటర్లను అడగక తప్పదు. ధరలేమో 1 శాతం దగ్గర ఆగవు. అందుకే గడ్డి కోతకూ, మరుగుదొడ్ల శుభ్రతకూ కూడా బ్యాలట్ ఎక్కాల్సి వస్తోంది. ఇది తిన్నని పద్ధతి కాదు, దీన్ని మార్చాల్సింది రాష్ట్ర రాజధాని ఒలింపియాలోని శాసనసభ. ఆ కోపం పార్కుల మీద చూపిస్తే, ఆరు వందల ఎకరాల పైచిలుకు మేరీమూర్ పార్కులో శనివారం క్రికెట్ ఆడే మన పిల్లలకే దెబ్బ. జూకూ అక్వేరియానికీ ఈ డబ్బులో వాటా పెట్టడం మాకు నచ్చలేదు, ప్రవేశ రుసుము వసూలు చేసే సంస్థలకు పార్కుల పేరుతో పన్ను ఎందుకు? అయినా సరే, ‘అప్రూవ్’ గడి నింపమనే మా సలహా. 61 ఏళ్లు నిండి, సొంతింట్లో ఉంటూ, ఆదాయ పరిమితికి లోబడినవారికి ఆస్తి పన్ను మినహాయింపులు ఉన్నాయి. దరఖాస్తు కౌంటీ అసెస్సర్ కార్యాలయానికి పెట్టుకోవాలి, పెట్టకపోతే వాటంతట అవి రావు.

సియాటిల్ ప్రపోజిషన్ 1కూ అవుననే అంటున్నాం. 2015లో ఓటర్లు తెచ్చిన ఈ పథకం కింద ఒక్కొక్కరికి 25 డాలర్ల వోచర్లు నాలుగు అందుతాయి. పథకంలో చేరిన నగర అభ్యర్థుల్లో నచ్చినవారికి వాటిని విరాళంగా ఇవ్వవచ్చు. పదేళ్లకు 4.5 కోట్ల డాలర్లు అడుగుతున్నారు, మధ్యస్థ ధర ఇంటికి ఏడాదికి సుమారు 13 డాలర్లు. లోపాలు లేకపోలేదు. ఎక్కువమంది వోచర్లను వాడనే వాడరు. బయటి సంఘాలు విడిగా లక్షలు కుమ్మరిస్తే అభ్యర్థులు పథకం పెట్టిన ఖర్చు పరిమితిని ఎత్తేయమని కోరతారు. కానీ మనకు సంబంధించిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఓటు లేని గ్రీన్‌కార్డుదారులు కూడా సియాటిల్ నివాసులై, 18 ఏళ్లు నిండితే ఈ వోచర్లకు అర్హులు. ఓటర్లకు ఇంటికే వస్తాయి, గ్రీన్‌కార్డువాళ్లు మాత్రం సియాటిల్ ఎథిక్స్ అండ్ ఎలక్షన్స్ కమిషన్‌కు దరఖాస్తు చేసుకోవాలి. హెచ్-1బీ మీద ఉన్నవారు అభ్యర్థికి సొంత డబ్బు పది డాలర్లిచ్చినా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. అలాగే డ్రైవింగ్ లైసెన్స్ కౌంటర్ దగ్గర ఓటరు నమోదు ప్రశ్న అడిగితే, పౌరసత్వం లేనివారు తడబడకుండా వద్దనాలి. పొరపాటున పౌరుడినని సంతకం పెట్టినా అది ఇమిగ్రేషన్ ఫైలును వెంటాడుతుంది.

పౌరసత్వం కొత్తగా వచ్చి ఇంకా నమోదు కానివారికి ఆగస్టు 5 రాత్రి 8 దాకా దారి ఉంది. ఆన్‌లైన్ గడువు జులై 28తో ముగిసినా, రెంటన్‌లోని కౌంటీ ఎన్నికల కార్యాలయానికి వెళ్లి అక్కడికక్కడే నమోదై ఓటు వేయవచ్చు.

బ్యాలట్ పంపడానికి స్టాంపు అక్కర్లేదు. అయితే చివరి రోజుల్లో పోస్టు డబ్బాను నమ్ముకోవద్దు. లెక్కలోకి వచ్చేది మీరు వేసిన తేదీ కాదు, కవరు మీద పడే పోస్టుముద్ర. చివరి రోజైన ఆగస్టు 5, మంగళవారం సాయంత్రం ఉత్తరాలు తీసుకెళ్లాక వేస్తే 6వ తేదీ ముద్ర పడి ఓటు చెల్లకుండా పోతుంది. ఎన్నికల డ్రాప్ బాక్సులు సరిగ్గా 8 గంటలకు మూస్తారు, అప్పటికి వరుసలో ఉన్నవారిని అనుమతిస్తారు.

సంతకం కవరు వెనుక పెట్టాలి, భార్యాభర్తలు ఒకరి కవరు మీద మరొకరు పెట్టకూడదు. ఆ సంతకాన్ని మీ నమోదు రికార్డులోని దానితో పోలుస్తారు. అది చాలావరకు లైసెన్స్ తీసుకున్న రోజు తెర మీద గీసినదే. అప్పుడు ఇంటిపేరుతో పూర్తిగా రాసి, ఇప్పుడు పొడి అక్షరాలతో సరిపెడితే తేడా కొడుతుంది. అలా ఆగిన బ్యాలట్‌కు ఎన్నికల కార్యాలయం నుంచి ఉత్తరం వస్తుంది. ఫారం నింపి, సంతకం చేసి, ఫలితాలు ధ్రువీకరించే ఆగస్టు 19కి ముందు రోజులోగా చేర్చితే ఓటు లెక్కలో కలుస్తుంది. ఆ ఉత్తరాన్ని ప్రచార కరపత్రమనుకుని రీసైక్లింగ్ డబ్బాలో వేయకండి.