గుండెలోకి గొట్టం ఎప్పుడు?

గుండె వైఫల్యంతో ఆస్పత్రిలో చేరిన రోగి విషయంలో వైద్యుడు ముందుగా తేల్చుకోవలసినవి రెండు: ఊపిరితిత్తుల్లో ఎంత నీరు చేరింది, అవయవాలకు రక్తం ఏపాటి అందుతోంది. మెడ సిరల ఉబ్బు, కాళ్ల వాపు, చేతుల చల్లదనం, రక్తపోటు, మూత్రం పరిమాణం చాలామందిలో ఈ రెంటికీ జవాబు చెప్పేస్తాయి. అవి చెప్పలేని చోటే గుండెలోకి పంపే సన్నని గొట్టం, అంటే కెథెటర్ అవసరం మొదలవుతుందని మా అభిప్రాయం.

కొసన చిన్న బెలూన్ ఉన్న ఈ గొట్టాన్ని 1970లో జెరెమీ స్వాన్, విలియం గాంజ్ బృందం వైద్యలోకానికి పరిచయం చేసింది. పెద్ద సిరలోంచి పంపితే అది రక్తప్రవాహం వెంటే సాగి, కుడి గుండెను దాటి, ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే పుపుస ధమని శాఖలో నిలుస్తుంది. అక్కడ నమోదయ్యే పీడనాన్ని బట్టి ఎడమ గుండె ఎంత ఒత్తిడిలో ఉందో అంచనా వేయవచ్చు. ఎక్స్‌రే సాయం లేకుండా మంచం పక్కనే వేయగలగడంతో ఐసీయూల్లో అది త్వరలోనే ఆనవాయితీ అయింది. గుండె వైఫల్య రోగులకు దానివల్ల మేలెంతో నిలదీసే పెద్ద పరీక్ష 2005 దాకా రాకపోవడం వైద్యరంగానికి గర్వకారణమేమీ కాదు.

ఎస్కేప్ పేరిట 433 మందిపై జరిగిన ఆ పరీక్షలో, తర్వాతి ఆరు నెలల్లో ఆస్పత్రి బయట ప్రాణాలతో గడిపిన రోజులు కెథెటర్ వేసినవారిలో 133, వేయనివారిలో 135. ఆస్పత్రిలో ఉండగా దుష్ఫలితాలు ఎదురైనవారు మాత్రం వరుసగా 21.9, 11.5 శాతం. రక్తపోటు నిలకడగా ఉండి, మందులకు చక్కగా స్పందిస్తున్న రోగికి దీన్ని మామూలుగా వాడరాదని మార్గదర్శకాలు చెబుతున్నది ఇందుకే.

అయితే ఈ అంకెలు చూపి గొట్టాన్ని మూలన పడేయడమూ పొరపాటే. కెథెటర్ తప్పనిసరి అని వైద్యులు భావించిన రోగులు ఆ పరీక్షలో లేరు. రక్తపోటు పడిపోతూ, మూత్రపిండాలు చెడుతూ, నీరు ఇంకా తీయాలో ఆపాలో తెలియని రోగికి, గుండె మార్పిడికి సిద్ధమవుతున్న రోగికి నేరుగా కొలవడమే దారి.

ఆ కొలత కూడా చేసేవారి చేతిని బట్టే ఉంటుంది. పీడనాన్ని గ్రహించే ట్రాన్స్‌డ్యూసర్ గుండె మట్టానికి పది సెంటీమీటర్లు కిందకు జారితే అంకె సుమారు 7 మి.మీ. పాదరసం మేర పెరుగుతుంది. 12 దాకా సాధారణం, 18 దాటితే ప్రమాదం అనుకునే చోట ఈ తేడాతో చికిత్సే తలకిందులవుతుంది. నీరు తీయనక్కరలేని రోగికి తీసేస్తారు. వాడకం తగ్గేకొద్దీ ఈ మెలకువలు తెలిసిన వైద్యులు, నర్సులూ తగ్గుతారు కనుక, అలవాటున్న బృందాలున్న కేంద్రాలకే ఈ పనిని అప్పగించడం మేలు. ఏ అంకె వస్తే ఏ మందు మారుస్తారో గొట్టం వేయకముందే కేస్‌షీట్‌లో రాయాలి, కుటుంబానికి వివరించాలి, ఇంకా ఉంచాలా అని రోజూ ప్రశ్నించుకుని, అక్కర తీరిన నాడే తీసేయాలి.